నాట్ ఎట్ ఆల్

"నీ చెక్-ఇన్ కూడా చేసేశాను" అన్నాడు శశికాంత్, కాఫీ కప్పు సింకులో పెడుతూ.

సింకులో పెట్టాడు. పక్కనే నోరు తెరుచుకుని ఉన్న డిష్‌వాషర్ అతనికి ఏనాడూ కనిపించలేదు. నేను అదే సింకులో మినప్పప్పు కడుగుతున్నాను. కప్పులో మిగిలిన కాఫీ నా గిన్నెలో చిందింది. పప్పుని మళ్ళీ మొదటినుంచి కడగాలి.

రేపు నాకు డాక్టర్ అపాయింట్‌మెంట్. ఇక్కడ విమానం ఎక్కేముందు చేసినట్టే, డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు కూడా ఫోన్‌లో చెక్-ఇన్ చేయాలి. ఇన్సూరెన్స్ కార్డు, వాడే మందులు, ఆ తర్వాత కొన్ని ప్రశ్నలు. మా ఇంట్లో అందరి ఆరోగ్యాలూ శశికాంత్ ఫోన్‌లోనే ఉంటాయి. పెళ్ళయి ఈ దేశానికి వచ్చిన కొత్తలో, నాకింకా ఫోన్ నెంబరు కూడా లేని రోజుల్లో, తన నెంబరుతో నాకు అకౌంట్ తెరిచాడు. అది అలాగే ఉండిపోయింది. నా రక్తంలో ఏముందో ముందు ఆయనకి తెలుస్తుంది, తీరిక దొరికినప్పుడు నాకు చెబుతాడు.

"చివర్లో ప్రశ్నలుంటాయి కదండీ. వాటికి కూడా ఇచ్చేశారా?"

"ఆఁ, అదే, ఆ డిప్రెషన్ గొడవ. ప్రతిసారీ అడిగేదేగా. అన్నిటికీ నాట్ ఎట్ ఆల్ కొట్టేశా. నీకేముంటుంది ఇంట్లో కూర్చుంటే?"

మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మీటింగులో నవ్వు వినిపించింది. నేను పప్పు కడుగుతూనే ఉన్నాను. ఆ ప్రశ్నలేమిటో నాకు తెలుసు. ఒకప్పుడు వాటిని నేనే జనాన్ని అడిగేదాన్ని. పనుల మీద ఆసక్తి పోయిందా? నిద్ర పడుతోందా? మీ మీద మీకే అసహ్యం వేస్తోందా? అన్నిటికంటే ఆఖర్న ఇంకొకటి ఉంటుంది, దాన్ని అడిగేటప్పుడు గొంతు తగ్గించమని కాలేజీలో మా మేడమ్ నేర్పారు. దానికి కూడా నా మొగుడు నా బదులు, బహుశా పళ్ళు తోముకుంటూ, నాట్ ఎట్ ఆల్ కొట్టేశాడు.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివాను. పక్క ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. ఇక్కడ లైసెన్సు పరీక్షల్లో మొదటిది పాసయ్యాను. రెండోది రాసే సమయానికి సాన్వి కడుపులో ఉంది. "తర్వాత రాసుకోవచ్చులే, పరీక్షలెక్కడికి పోతాయి" అన్నాడు శశికాంత్. పరీక్షలు ఎక్కడికీ పోలేదు, నిజమే. నేనే ఫ్రిస్కోలో ఈ వంటింట్లోకి వచ్చి పడ్డాను. మా అత్తగారైతే ఫోన్ చేసినప్పుడల్లా "కోడలే డాక్టరైతే ఇంట్లో పిల్లలకి జలుబు చేసినా భయం లేదు" అని మురిసిపోతారు. నా చదువు వాళ్ళకి అలా పనికొచ్చింది.

ఇప్పుడు నాకో ఉద్యోగముంది. ఇక్కడి డాక్టర్లు ఈ మధ్య పేషెంట్ ఎదురుగా టైప్ చేయడం మానేశారు. గదిలో ఒక ఫోన్ వింటూ ఉంటుంది, వీడియో విజిట్ అయితే కాల్‌లోనే వింటుంది. విన్నదాన్ని బట్టి సాఫ్ట్‌వేరే కేసు షీటు రాసేస్తుంది. బాగానే రాస్తుంది కూడా. కానీ ఒక్కోసారి ఎడమ మోకాలిని కుడి మోకాలు చేస్తుంది, తండ్రికున్న షుగరుని కొడుక్కి అంటగడుతుంది. అందుకని డాక్టర్ సంతకం పెట్టేలోగా నాలాంటివాళ్ళం ఆ మాటల్ని మళ్ళీ విని, నోట్‌ని సరిచూస్తాం. "వినడమేగా. చెవులకి తగిలించుకుని అంట్లు కూడా తోముకోవచ్చు, మంచి టైంపాస్" అని శశికాంత్ పార్టీల్లో స్నేహితులకి చెబుతుంటాడు. నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఇంగ్లీషు కాని మాట వినిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద ఒక బూడిదరంగు పట్టీ వేస్తుంది. దాని పక్కనే, ఇతర భాష, వైద్య సమాచారం లేదు అని తనే తీర్పు చెప్పేస్తుంది. ఆ పట్టీలను ముట్టుకోకూడదని మా కంపెనీ నియమం. మేం దుబాసీలం కాదు.

ఆ ఉదయం పప్పు నానబోసి, చేతులు తుడుచుకుని, వచ్చిన మొదటి రికార్డింగ్ తెరిస్తే, దాని నిండా బూడిదరంగు పట్టీలే.

కాన్పయిన అమ్మాయితో వీడియో విజిట్. డాక్టర్ గొంతు దయగానే ఉంది, తొందరలో ఉంది. ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగింది. అది ఉచితం, ఒక్క నొక్కు నొక్కితే ఫోన్‌లోకి వచ్చేస్తారు. ఒక మగగొంతు నవ్వి "నో నో డాక్టర్, ఐ విల్ ట్రాన్స్‌లేట్" అంది. మనవాళ్ళకి ఇంటర్‌ప్రెటర్ అంటే నామోషీ. మాకు ఇంగ్లీషు రాదనుకుంటారని భయం.

"హౌ ఆర్ యూ స్లీపింగ్, మామ్?" అంది డాక్టర్.

బూడిదరంగు పట్టీ. లోపల ఒక ఆడపిల్ల గొంతు. మాటకీ మాటకీ మధ్య ఆగి, గాలి తీసుకుంటోంది.

"పడుకుంటే ఊపిరి... ఆడట్లేదండీ. మీరు చెప్పండి ఆవిడకి. కూర్చునే... నిద్రపోతున్నాను."

దూరంగా ఒక పెద్దావిడ గొంతు, బహుశా కాన్పు కోసం ఇండియా నుంచి వచ్చిన అత్తగారు. "బాలింతకి నిద్రెక్కడ పడుతుందే హాసినీ? మాకు మాత్రం పట్టిందా?"

"షీ ఈజ్ నాట్ స్లీపింగ్ మచ్, డాక్టర్. యూ నో, బేబీ" అన్నాడు భర్త. డాక్టర్ నవ్వింది.

మళ్ళీ పట్టీ. "కాళ్ళు చూపించనా? చెప్పులు కూడా పట్టట్లేదు."

"వాపులు మామూలేనని అమ్మ చెబుతోందిగా. అన్నీ ఏకరువు పెడితే టెస్టులంటారు, ఇక తిరుగుతూ ఉండాలి." వెంటనే గొంతు మార్చి "ఎవ్రీథింగ్ ఈజ్ గుడ్, డాక్టర్."

ఛాతీ నొప్పిగానీ ఆయాసంగానీ ఉన్నాయా అని డాక్టర్ ఇంగ్లీషులో అడిగింది. అది అడగవలసిన ప్రశ్న, ఆవిడ అడిగింది. "నో, నో" అన్నాడతను. భార్యని అడగనైనా లేదు. వెనక ఆ పిల్ల దగ్గింది. తడిదగ్గు. దగ్గు ఏ భాషా కాదు కాబట్టి దానికి పట్టీ కూడా పడలేదు.

సాఫ్ట్‌వేర్ రాసిన నోట్ చక్కగా ఉంది. బిడ్డను చూసుకోవడం వల్ల నిద్రలేమి. ఆయాసం లేదని పేషెంట్ చెప్పారు. ఇతర ఫిర్యాదులు లేవు. సమాచారం ఇచ్చినవారు: భర్త. మళ్ళీ నెల తర్వాత కనిపించాలి.

పడుకుంటే ఊపిరాడని బాలింతని నేను గుంటూరు వార్డులో చూశాను. ఆ పిల్లకీ కాళ్ళు వాచాయి, దగ్గు ఉంది. ఇంట్లోవాళ్ళు చల్లటి నీళ్ళు తాగిందని తిట్టి, చెవుల్లో దూది పెట్టి, ఆలస్యంగా తీసుకొచ్చారు. కాన్పు తర్వాత గుండె బలహీనపడిపోయి నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. పొద్దున నాతో మాట్లాడిన పిల్ల సాయంత్రానికి లేదు. వెంటనే చూస్తే బతుకుతారు, చాలామంది బతుకుతారు. వెంటనే చూడాలి, అంతే.

ఇయర్‌ఫోన్లు తీసేశాను. అయినా ఆ గొంతు ఆగలేదు. పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అందులోంచి వచ్చింది. మీరు చెప్పండి ఆవిడకి. కుళాయి తిప్పితే నీళ్ళ చప్పుడులో వచ్చింది. మీరు చెప్పండి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, కానీ ఆ పొద్దున నా వంటింట్లో నేను ఒక్కదాన్నే లేను. చెప్పమని అడిగింది మొగుణ్ణి. వినిపించింది నాకు. ఆ కాల్ మొత్తంలో ఆ పిల్ల మాట అర్థమై, దాని వెనకున్న ప్రమాదం కూడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అనుష్కకి ఫోన్ చేశాను. మా టీమ్ లీడ్. ఇక్కడే పుట్టిన పిల్ల, మా స్నేహితుల కూతురు. ఆఫీసు కాల్స్‌లో కూడా నన్ను ఆంటీ అంటుంది. నాకు జీతం పెంచమని నేను ఎప్పుడూ అడగలేకపోవడానికి ఆ ఆంటీ కూడా ఒక కారణం.

"ఆంటీ, ఐ గెట్ ఇట్. బట్ మనం ఇంటర్‌ప్రెటర్స్ కాదు కదా. మీరు రాంగ్ ట్రాన్స్‌లేట్ చేస్తే హూ ఈజ్ లయబుల్? ల్యాంగ్వేజ్ క్యూలో పెట్టండి, నెక్స్ట్ వీక్ చూస్తారు."

"వచ్చేవారానికి ఆ అమ్మాయి ఉండకపోవచ్చు అనుష్కా."

"డోంట్ బీ డ్రమాటిక్, ఆంటీ. ప్లీజ్, ఆ గ్రే పార్ట్ టచ్ చేయొద్దు. మీ యాక్సెస్ పోతుంది, నేనేం చేయలేను." ఆ మాట కొంచెం బాధగానే అంది, పాపం.

మధ్యాహ్నం అన్నానికి శశికాంత్ కిందికి దిగాడు. వడ్డిస్తూ చెప్పాను. పేరు చెప్పలేదు, సంగతి చెప్పాను.

"నీకెందుకే? అసలే నీ వర్క్ పర్మిట్ రెన్యూవల్‌లో ఉంది. ఎవరి రికార్డులోనో వేలు పెడితే కేసవుతుంది, తెలుసా?" అన్నాడు, పెరుగు కోసం చెయ్యి చాపుతూ. "అయినా అతను పక్కనే ఉన్నాడన్నావుగా. పెళ్ళాం సంగతి మొగుడికి తెలీదా?"

పెరుగు గిన్నె అందించాను. ఆ మాట మాత్రం నేరుగా వెళ్ళి, ఎప్పుడో మూసిపెట్టిన తలుపుని తన్నింది.

సాన్వి పుట్టినప్పుడు మేం ఇర్వింగ్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పిల్లనెత్తుకుని బాల్కనీ వైపు వెళితే చాలు, నా చేతుల్లోంచి కింద పడిపోతున్నట్టు కనిపించేది. నా చేతులే వదిలేస్తున్నట్టు కనిపించేది. బాల్కనీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని, పిల్లని నేల మీద పడుకోబెట్టి, దూరంగా గోడ దగ్గర కూర్చునేదాన్ని. అది జబ్బని నాకు తెలుసు. పుస్తకంలో పేరుతో సహా చదువుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళుతూ కారులో శశికాంత్‌కి చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి నా భుజం తట్టాడు. గదిలోకి వెళ్ళాక, హౌ ఈజ్ మామ్ డూయింగ్ అని డాక్టర్ నన్నే చూస్తూ అడిగింది. నాకు ఇంగ్లీషు వచ్చు. నోరు తెరిచాను కూడా. "షీ ఈజ్ ఎ డాక్టర్ హర్‌సెల్ఫ్" అన్నాడు శశికాంత్ గర్వంగా. "షీ ఈజ్ డూయింగ్ గ్రేట్." డాక్టర్ సంతోషించింది. తెరిచిన నోటితో నేనేం చేయాలి? నవ్వాను.

తర్వాత చాలాకాలానికి ఆయన ఫోన్‌లో నా పాత నోట్ చూశాను. పేషెంట్ ఉత్సాహంగా ఉన్నారు. మానసిక స్థితి బాగుంది. నా పేరు, నా పుట్టినరోజు. ఆ వసంతలక్ష్మిని నేనెప్పుడూ కలవలేదు. ఆవిడకి నిద్ర బాగా పడుతుంది, ఏ నొప్పీ ఉండదు, ఏదడిగినా నాట్ ఎట్ ఆల్ అంటుంది. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆవిడ హాయిగా బతుకుతోంది. డాక్టర్లు చూసేది ఆవిడనే, మెచ్చుకునేది ఆవిడనే. దయ్యమంటే చచ్చాక అవుతారనుకుంటాం. నేను బతికుండగానే నా దయ్యాన్ని మా ఆయన తయారుచేసి, దానికి పాస్‌వర్డ్ కూడా పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఈ ఇంట్లో నాతోపాటే తిరుగుతోంది. ఈ మధ్య నాకు పనుల్లో మనసు నిలవడం లేదు. పప్పు కడుగుతూ కిటికీలోంచి చూస్తుంటే, ఈ ఇంట్లో ఆవిడ ఒక్కతీ ఉంటే అందరికీ సుఖంగా ఉంటుందేమోనని అనిపిస్తోంది. రేపు డాక్టర్‌తో ఇదే చెప్పాలనుకున్నాను. పొద్దున ఆయన చెక్-ఇన్ చేసేశాడు.

ఈరోజు పొద్దున ఇంకెక్కడో ఇంకొకడు ఇంకొక దయ్యాన్ని తయారుచేశాడు. హాసిని అనే ఆ దయ్యానికి ఆయాసం లేదు. అసలు హాసిని గోడకానుకుని కూర్చుని ఉంది.

శశికాంత్ చెయ్యి కడుక్కుని పైకెళ్ళాడు. కంచం బల్ల మీదే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

బూడిదరంగు పట్టీ మీద నొక్కితే హెచ్చరిక వచ్చింది. మళ్ళీ నొక్కాను. ఆ పిల్ల అన్న మాటల్ని, ఒక్కటి కూడా కలపకుండా, ఒక్కటి కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో రాశాను. పడుకుంటే ఊపిరి ఆడట్లేదు. కూర్చునే నిద్రపోతున్నాను. కాళ్ళకి చెప్పులు పట్టట్లేదు. మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటోందని, దగ్గుతోందని రాశాను. ఆయాసం లేదని చెప్పింది పేషెంట్ కాదు, ఆమెని అడగకుండా భర్త చెప్పాడని రాశాను. తెలుగు నుంచి మార్చింది నేనేనని కింద నా పూర్తి పేరు పెట్టాను. సమాచారం ఇచ్చినవారు అన్నచోట భర్త అని ఉన్నదాన్ని తుడిచేసి, పేషెంట్ అని రాశాను. ఆ తర్వాత నోట్ పైనున్న నెంబరుకి, క్లినిక్‌కి ఫోన్ చేసి, డాక్టర్‌గారు సంతకం పెట్టేముందు ఇది చదివి తీరాలని చెప్పాను. మీరెవరని అడిగింది అటువైపు అమ్మాయి.

"డాక్టర్ వసంతలక్ష్మి" అన్నాను. నా నోట్లోంచి ఆ మొదటి మాట వచ్చి ఎంతకాలమైందో.

తర్వాత చేయడానికేమీ లేదు. పప్పు గ్రైండర్‌లో వేశాను. రాయి తిరుగుతోంది, పిండి అంచులకి ఎగబాకుతోంది, నేను గరిటెతో లోపలికి తోస్తూ తెర వైపు చూస్తున్నాను. మీరు చెప్పండి ఆవిడకి, మీరు చెప్పండి అని గ్రైండర్ తిరుగుతూనే ఉంది. చెప్పానమ్మా, అన్నాను పైకే.

పిండి నలిగే వేళకి నోట్ కింద డాక్టర్ రాసిన కొత్త వరుసలు వచ్చాయి: తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో మళ్ళీ కాల్ చేశాను. భర్తను పక్కగదిలోకి వెళ్ళమని కోరి, పేషెంట్‌తో నేరుగా మాట్లాడాను. పూర్తి వాక్యం చెప్పలేకపోతున్నారు. ఇంటికి అంబులెన్స్ పంపించాం.

ఇంకోసారి చదువుదామనుకునేలోగా తెర తెల్లబడింది. మీ యాక్సెస్ నిలిపివేయబడింది. ఫోన్‌లో అనుష్క మెసేజ్. సారీ ఆంటీ, ఐ టోల్డ్ యూ. ఆ అమ్మాయి ఆసుపత్రికి చేరిందో లేదో, ఏమైందో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. గ్రైండర్ ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దం. చెవి రిక్కించాను. హాసిని గొంతు లేదు. ఊపిరి చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఆగి ఆగి. కాసేపటికి అది నాదేనని తెలిసింది.

చేతులు కడుక్కుని నా ఫోన్ తీశాను. నా పేరుతో ఉన్న నా అకౌంట్‌లోకి వెళ్ళాలంటే కోడ్ కావాలంది. కోడ్ శశికాంత్ ఫోన్‌కి వెళ్ళింది. మెట్లెక్కి పైకెళ్ళాను. మీటింగులో ఉన్నాడు, చేత్తో ఆగమని సైగ చేశాడు. ఆగలేదు.

"మీ ఫోన్‌కి కోడ్ వచ్చింది, చెప్పండి."

మైకు మ్యూట్ చేసి "ఏంటే ఇప్పుడు? దేనికి?" అన్నాడు.

"నా చెక్-ఇన్ తప్పు పడింది. మళ్ళీ చేయాలి."

"నేను చేసేశాగా పొద్దున!"

"అందుకే తప్పు పడింది. రేపు మీరు సెలవు పెట్టక్కర్లేదు, నేనొక్కదాన్నే వెళతాను. కోడ్ చెప్పండి."

నా మొహంలో ఏం చూశాడో, అంకెలు చదివాడు. అక్కడే నిలబడి నొక్కాను. ఫోన్ నెంబరు అన్నచోట ఆయనది తీసి నాది పెట్టాను. కిందికి దిగి, వంటింట్లో, ఆయన తిన్న కంచం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఈ జవాబులు ఇస్తున్నది ఎవరు అని మొదట అడిగింది. పొద్దుటి జవాబు అలాగే ఉంది: పేషెంట్. దాన్ని మాత్రం మార్చక్కర్లేదు. ఇప్పుడది నిజం. తర్వాత ఒక్కో ప్రశ్నా వచ్చింది, దాని కింద నాట్ ఎట్ ఆల్ పక్కన శశికాంత్ పెట్టిన నీలం చుక్కతో సహా. ఆసక్తి గురించి అడిగితే చుక్క మార్చాను. నిద్ర గురించి అడిగితే మార్చాను. అలా ఆఖరి ప్రశ్న దాకా వచ్చాను. గొంతు తగ్గించి అడగమని మా మేడమ్ నేర్పిన ప్రశ్న. మీరు లేకపోతేనే బాగుంటుందని అనిపించిందా?

ఆ ప్రశ్నని పైకే, మామూలు గొంతుతో చదువుకున్నాను. నీలం చుక్కని తీసి, 'కొన్ని రోజులు' అన్నదాని మీద నొక్కాను.